రాజుగారి ఏడుపు – పాలేరు సాక్ష్యం

(నరసాపురంలో కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతికి పెట్టిన విషయం చూసి కొందరు నవ్వారట. కూలి రేట్ల గురించి చెప్తారనుకుంటే, శ్మశానం జాగా గురించి చెప్తారనుకుంటే, గ్రీకు నాటకాలేంటండీ అని. న్యాయమైన ప్రశ్నే. పొద్దుటి నుంచీ లేసు అల్లి కళ్లు మండుతున్న అక్కలు కూడా వచ్చి కూర్చున్నారు. వాళ్ల పొద్దు వృథా చెయ్యడం మా ఉద్దేశం కాదు. శ్మశానం గురించే మాట్లాడతాం. సాక్ష్యం గురించే మాట్లాడతాం. కాకపోతే రెండువేల నాలుగొందల ఏళ్ల వెనక నుంచి మొదలుపెట్టి వస్తాం.

గ్రీకు అన్న మాట మనకి కొత్తదేమీ కాదు. 1830ల్లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు ఈ నరసాపురం వచ్చారు. వాళ్ల వెనకాలే ఇక్కడి పేటల్లోకి బైబిలు వచ్చింది. అందులో కొత్త నిబంధన మొదట రాసింది గ్రీకు భాషలోనే. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం తియ్యండి. పౌలు ఏథెన్సు పట్నం వెళ్లి అరేయొపగులో నిలబడి మాట్లాడతాడు. ఆ అరేయొపగుకి దగ్గర్లోనే ఇంకో కొండ ఉంది, ఆక్రోపోలిస్ అంటారు. దాని దక్షిణపు వాలులో ఒక దేవుడి గుడి, గుడి పక్కన నాటకాలాడే చోటు. పౌలుకి దాదాపు 500 ఏళ్ల ముందు, అంటే క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో, ఏటా వసంతకాలంలో అక్కడ డయొనీసస్ దేవుడి తిరనాళ్లు జరిగేవి. ఆ తిరనాళ్లలో ముగ్గురు కవులు పోటీపడి నాటకాలు ఆడించేవారు. ఒక్కొక్కరివి మూడు విషాద నాటకాలు, చివర్లో ఒక నవ్వులాట. ఈస్కిలస్, సోఫోక్లిస్, యూరిపిడిస్ అని ముగ్గురి పేర్లు గట్టిగా నిలిచాయి. ముగ్గురివీ కలిపి ఇవాళ్టికి మిగిలినవి ముప్ఫై పైచిలుకు నాటకాలు.

ఈ నాటకాల్ని ట్రాజెడీలంటారు. ఆ గ్రీకు మాటకి అర్థం ‘మేకపాట’. ఎందుకలా పిలిచారో పండితులు ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు. మన డప్పు తాతని అడిగితే మేకతోలు లేకుండా పాటేంటిరా అంటాడు.

మేం కొందరం ఈ నాటకాల్ని ఇంగ్లీషు పుస్తకాల్లోంచి చదివి, ఒకరు తెలుగులో చెప్తుంటే మిగతావాళ్లం విని, వాదించుకుంటూ వస్తున్నాం. ఈ నాటకాల గురించి రాసిన పెద్ద పుస్తకాలు రాజుల గర్వం గురించీ, విధి గురించీ, దేవతల కోపం గురించీ చెప్తాయి. మేం ఇంకో దారి పట్టాం. ప్రతి నాటకానికీ ఒక కాగితం తీసుకుని, రంగం మీదికి వచ్చినవాళ్లలో పేరు ఉన్నవాళ్లెవరు, పేరు లేనివాళ్లెవరు అని రెండు వరసలు రాశాం. పేరున్నవాళ్లు రాజులు, రాణులు, రాజుగారి బావమరుదులు, దేవతలు. పేరు లేనివాళ్లు దాది, కావలివాడు, గొర్రెల కాపరి, కబురు తెచ్చేవాడు. ఆ రెండో వరస చూడగానే మాకు మన పేట కనబడింది.

ముందు ఆ ఊరి సంగతి చెప్పుకోవాలి. ఏథెన్సుని ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లు అంటారు. నిజమే, పౌరులు సభలో కూర్చుని చేతులెత్తి నిర్ణయాలు చేసేవారు. మరి పౌరుడెవడు? క్రీస్తు పూర్వం 451లో పెరిక్లీజ్ అనే నాయకుడు చట్టం తెచ్చాడు. అమ్మా నాన్నా ఇద్దరూ ఏథెన్సు పౌర కుటుంబాలవాళ్లయితేనే పిల్లవాడు పౌరుడు. పుట్టుకే ధ్రువపత్రం! ఆడవాళ్లకి ఆ సభలో చోటు లేదు. బయటి నుంచి వచ్చి తరాలుగా అక్కడే పనిచేసుకుని బతుకుతున్నవాళ్లకీ చోటు లేదు. బానిసల సంగతి సరేసరి. ఏథెన్సు ఓడలకీ సైన్యానికీ ఆసరా అయిన వెండి లారియం గనుల్లోంచి వచ్చేది. ఆ సొరంగాల్లోకి దిగింది బానిసలు. పెద్ద తిరనాళ్ల నాటకంలో బృందంగా పాడి ఆడే హక్కు కూడా పౌరుడికే. పై ఊరివాడు అడుగు కలపకూడదు. ఆడవేషాలన్నీ మగాళ్లే ముసుగులు పెట్టుకుని వేసేవారు. ఆట మొదలు కాకముందు సామంత పట్నాలు కట్టిన కప్పం వెండిని తెచ్చి జనం ముందు ప్రదర్శించేవారు.

ఇలాంటి ఊళ్లో ఆడిన నాటకాల్లో విచిత్రం ఏంటంటే, ఊళ్లో నోరు లేనివాళ్లకే రంగం మీద నోరొచ్చింది. క్రీస్తు పూర్వం 416లో మీలోస్ అనే చిన్న దీవి మాకు లొంగలేదని ఏథెన్సు సైన్యం ముట్టడించింది. చివరికి లొంగిపోయిన మగవాళ్లని చంపారు. ఆడవాళ్లనీ పిల్లల్నీ బానిసలుగా అమ్మేశారు. కొద్ది నెలలకే, 415 వసంతంలో, యూరిపిడిస్ ‘ట్రాయ్ స్త్రీలు’ అనే నాటకం ఆడించాడు. నాటకమంతా యుద్ధంలో మొగుళ్లూ కొడుకులూ పోయి, ఏ యజమానికి ఎవరు పోతారో చీట్లు వేస్తుంటే కూర్చుని శోకాలు పెట్టే ఆడవాళ్లే. మీలోస్‌లో కత్తి దూసినవాళ్లు ఆ మెట్ల మీద కూర్చుని ఈ ఏడుపు చూశారు. చూసి ఏం చేశారు? యూరిపిడిస్‌కి రెండో బహుమతి ఇచ్చారు. బానిసల్ని మాత్రం వదల్లేదు. కళ వల్ల మనసులు కరిగిపోతాయని చెప్పేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

తర్వాతి శతాబ్దంలో అరిస్టాటిల్ అనే మేధావి ఈ నాటకాల మీద శాస్త్రం రాశాడు. విషాద నాయకుడు పేరు ప్రతిష్ఠలున్న పెద్ద వంశంవాడై ఉండాలన్నాడు. ఈ మాట కాలేజీల్లో చెప్తారు. అదే పుస్తకంలో, బానిసలో కూడా మంచి ఉండొచ్చుగానీ బానిస మొత్తం మీద పనికిమాలినవాడన్నట్టు రాశాడు. ఈ మాట చెప్పరు. ఇంకో పుస్తకంలో బానిసంటే ప్రాణమున్న పనిముట్టు అన్నాడు. పనిముట్టుకి విషాదం ఎక్కడిది?

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. అక్కడి బానిస, ఇక్కడి అంటరానివాడు ఒకటే అని మేం అనడం లేదు. అక్కడి బానిస యుద్ధంలో దొరికినవాడు, సంతలో కొన్నది, లేదా యజమాని ఇంట్లోనే పుట్టినవాడు. యజమాని విడుదల చేస్తే బానిసత్వం పోతుంది. బానిసైనా యజమాని ఇంట్లోకి పోతాడు, పిల్లల్ని ఎత్తుకుని పెంచుతాడు. మనకి వాకిలి దాటే హక్కు కూడా లేదు. అంటరానితనం బానిసత్వం కన్నా ఘోరమని అంబేడ్కర్ రోము బానిసల ఉదాహరణ తీసుకునే వివరంగా వాదించారు. పోలిక ఎంత వరకో అంత వరకే.

గోదావరి ఒడ్డునే ఉందండీ ఒక గ్రీకు కథ. రాజమండ్రి వెళ్లినవాళ్లకి సారంగధర మెట్ట తెలుసు. రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడు. అతని పావురం ఎగిరి సవతితల్లి చిత్రాంగి మేడ మీద వాలింది. తెచ్చుకోబోతే ఆమె మోహించింది. అతను కాదన్నాడు. ఆమె రాజుకి తిరగేసి చాడీ చెప్పింది. రాజు విచారణ లేకుండా కొడుకు కాళ్లూ చేతులూ నరికించాడు. రాజరాజనరేంద్రుడు 1022 నుంచి 1061 దాకా ఏలిన నిజమైన రాజే. చరిత్రకి తెలిసిన అతని కొడుకు మాత్రం చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు. సారంగధరుడు కథలోనే ఉన్నాడు. బళ్లారిలో ధర్మవరం కృష్ణమాచార్యులు దీన్నే ‘విషాద సారంగధర’ నాటకంగా రాశారు. తెలుగులో మొదటి విషాదాంత నాటకం అదేనని సాహిత్య చరిత్రలు చెప్తాయి. అంతకు ముందు సంస్కృత సంప్రదాయం ప్రకారం నాటకం మంగళంగా ముగియాలి, రంగం మీద చావు చూపకూడదు. పోయిన జన్మలో చేసుకున్న కర్మ అని చెప్పేస్తే ఇంక విషాదం అవసరం ఏముంది? కష్టపడేవాడిదే తప్పైపోతుంది.

ఇదే కథని యూరిపిడిస్ క్రీస్తు పూర్వం 428లో ఆడించాడు. కొడుకు పేరు హిపోలిటస్, సవతితల్లి ఫీడ్రా. ఆమె అబద్ధం రాసిపెట్టి చనిపోతుంది. తండ్రి శపిస్తే కొడుకు రథం ముక్కలై పోతాడు. ఆ కబురు తెచ్చేవాడు గుర్రాల్ని చూసుకునే బానిస. అతను రాజు ఎదుట నిలబడి, నేను మీ ఇంటి బానిసనే అయినా మీ కొడుకు చెడ్డవాడంటే మాత్రం ఎన్నటికీ నమ్మను అన్న అర్థంలో చెప్తాడు. మేం ఈ చోట చదవడం ఆపేశాం. ఒకరు లేచి అడిగారు, మన సారంగధర ఆటలో ఆ కాళ్లూ చేతులూ నరికింది ఎవరు? తలారులు. రాజు నోటితో చెప్తాడు, కత్తి పట్టేది తలారి. నింద కూడా వాడిదే. మహా అయితే నరికేముందు వాడు జాలిపడితే ఒక పద్యం. ఆ రాత్రి వాడికి అన్నం సహించిందో లేదో ఏ నాటకం అడగలేదు.

ఇప్పుడు ఈడిపస్ కథ. సోఫోక్లిస్‌ది. ఇది కాస్త నిదానంగా చెప్తాం.

థీబ్స్ పట్నపు రాజుకి కొడుకు పుట్టాడు. వీడు నిన్ను చంపుతాడని జోస్యం. కాళ్లు కలిపి బిగించి, కొండ మీద పారేసి రమ్మని పసివాణ్ణి ఒక పాలేరు చేతికిచ్చారు. ఆ పాలేరు కొన్నవాడు కాదు, ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన బానిస. గొర్రెలు కాస్తాడు. పసివాణ్ణి చూసి గుండె ఒప్పలేదు. పక్క రాజ్యం కాపరికి ఇచ్చేశాడు, దూరంగా తీసుకుపోయి పెంచుకోమని. నాటకం మొత్తం మీద ఒక మనిషి ఇంకో మనిషి మీద చూపిన నికార్సైన దయ ఇదొక్కటే. చేసింది బానిస.

పిల్లవాడు పెద్దవాడయ్యాడు. మూడు దారులు కలిసే చోట తగువొచ్చి, తెలియకుండా కన్నతండ్రినే చంపాడు. రాజు వెంట ఉన్నవాళ్లలో ఒక్కడే తప్పించుకున్నాడు. ఎవడు? ఆ పాలేరే! అతను పట్నం వచ్చేసరికి చంపినవాడే గద్దె మీద కూర్చుని ఉన్నాడు. పాలేరు ఏం చేశాడు? దొంగలు గుంపుగా వచ్చి చంపారని ఊరికి చెప్పాడు. రాణీగారి చెయ్యి పట్టుకుని బతిమాలుకున్నాడు, నన్ను ఈ పట్నం కనబడనంత దూరం, గొర్రెల దగ్గరికి పంపెయ్యండమ్మా అని.

ఎందుకు పొమ్మన్నారు, ఎందుకు పోయాడు అని పండితులు పేజీలు రాశారు. ఈ హాల్లో ఎవరికైనా వివరించాలా? చూసినవాడు ఊళ్లో ఉండలేడు. చంపినవాడు ప్రెసిడెంటుగానో, నీటి సంఘం పెద్దగానో, మనకి కూలి ఇచ్చే ఆసామిగానో ఎదురుగా తిరుగుతుంటే చూసినవాడు పొలానికి ఎలా వెళ్తాడు?

ఏళ్ల తర్వాత విచారణ వచ్చింది. ముసలి కాపరిని పట్టుకొచ్చారు. నోరు విప్పడు. అప్పుడు రాజు, అంతవరకూ జనం బాధ తన బాధ అన్న రాజు, వీడి చేతులు వెనక్కి విరిచి కట్టండి అంటాడు. ముసలాణ్ణి హింసించొద్దని కాపరి వేడుకుంటాడు. చివరికి చెప్తాడు. చెప్పింది ఆ రాజు ప్రాణం కాపాడిన కథ. అది నాటకంలో కల్పన అనుకోకండి. ఏథెన్సు న్యాయస్థానంలో బానిస సాక్ష్యం చెల్లాలంటే చిత్రహింస పెట్టి రాబట్టాలని నియమం. పౌరుడు ప్రమాణం చేస్తే చాలు. బానిస ఒంటి మీద దెబ్బ పడితేనే మాట నిజం.

తర్వాత రాజు కళ్లు పొడుచుకుంటాడు, జనం ఘొల్లుమంటారు. కాపరి ఏమయ్యాడు? ఒక్క మాట లేదు. అతనికి పేరు కూడా లేదు.

మన దగ్గరున్న కాపరికి పేరుంది. దుడ్డు అలీసమ్మ. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. మంచినీళ్ల చెరువులో కుడితి కడగొద్దన్న మాట దగ్గర మొదలైంది. జనం చీరాల వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. అలీసమ్మ ఆ కేసులో ముఖ్యమైన సాక్షి. చూసింది చూసినట్టు చెప్తానంది. కేసు తేలకముందే ఆమెను చంపేశారు. కేసు చివరి తీర్పు సుప్రీంకోర్టులో 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవై మూడేళ్లు. సోఫోక్లిస్‌కి కూడా ఇంత పొడుగు నాటకం రాయడం చేతకాలేదు.

ఇంకో నాటకం ‘యాంటిగని’. దీన్ని మన జనం ఇట్టే పట్టేసుకున్నారు, ఎందుకంటే కథంతా శవం గురించి. అన్నదమ్ములిద్దరు యుద్ధంలో చచ్చారు. ఒకడికి రాజలాంఛనాలతో సమాధి, రెండోవాణ్ణి కుక్కలకీ గద్దలకీ వదిలెయ్యాలి, మట్టి వేసినవాళ్లకి మరణశిక్ష అని క్రేయన్ రాజు చాటింపు. చెల్లెలు యాంటిగని వెళ్లి గుప్పెడు మట్టి వేసింది. ఆ కబురు రాజుకి చెప్పాల్సి వచ్చింది కావలివాళ్లకి. ఎవరు చెప్పాలని చీట్లు వేసుకున్నారు. చీటీ పడినవాడు దారిపొడుగునా ఆగుతూ, వెనక్కి తిరుగుతూ వస్తాడు. రాజు మొదట అన్నది, ఎవరు చేశారో పట్టుకురాకపోతే మిమ్మల్నే బతికుండగా వేలాడదీస్తానని. మా చదువులో బాగా నవ్వు వచ్చిన చోటు ఇది. నవ్వాక అందరం కాసేపు మాట్లాడలేదు.

ఏథెన్సులో చావు దగ్గర ఆడవాళ్ల ఏడుపు మీద కూడా చట్టం ఉండేది. యాంటిగని నాటకానికి నూట యాభై ఏళ్ల ముందే సోలన్ అనే శాసనకర్త, ఆడవాళ్లు మొహాలు రక్కుకోవడం, కట్టుపాటలు పాడి శోకాలు పెట్టడం నిషేధించాడని చెప్తారు. ప్రభుత్వాలకి శోకాలంటే భయం. ఒక చావు దగ్గర కూర్చున్న ఆడవాళ్లు ఎవరు చంపారో పేరు పెట్టి ఏడుస్తారు.

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని పొలాల్లో తరిమి చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. క్రేయన్ శవాన్ని కళ్ల ముందు కుళ్లనిచ్చాడు, వీళ్లు శవం కనబడకుండా చేద్దామనుకున్నారు. జనం వెతికి తీశారు. తీసి ఎక్కడ పాతిపెట్టారు? ఊరవతల కాదు. కాలవ గట్టున కాదు. ఊరి నడిబొడ్డున. ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు. వేల ఏళ్లుగా ఊరు మనకి చోటు చూపించింది ఊరవతలే, బతికినా చచ్చినా. ఆ రోజు ఆ గీత చెరిగిపోయింది. యాంటిగని గుప్పెడు మట్టి వేసిందని ప్రపంచమంతా చదువుతున్నారు, చదవాల్సిందే. చుండూరు తల్లులు వేసిన మట్టి గురించి అంత మంది చదవాలి.

చుండూరు కేసుకి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు జనం. కావలివాడు రాజు దగ్గరికి వణుక్కుంటూ పోవడం కాదు, న్యాయస్థానమే సాక్షి దగ్గరికి వచ్చింది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది, నేరం రుజువు కాలేదంది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. సాక్షులు చూశామన్నారు, చెప్పారు, గుర్తుపట్టారు. ఇంకేం కావాలి? చేతులు వెనక్కి విరిచి అడిగితే గానీ నిజం కాదా?

ఇక మన నాటకాల్లో మనకి బాగా తెలిసిన కాటిసీను. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి గారి సత్యహరిశ్చంద్ర. ఈ జిల్లాల్లో ఆ పద్యాలు రాని ముసలాడు లేడు. రాజు రాజ్యం పోగొట్టుకుని వీరబాహుకి అమ్ముడుపోయి కాటికాపరి అవుతాడు. జనం కళ్లనీళ్లు పెట్టుకుంటారు. మా తాతలు కూడా పందిరి బయట గట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. ఆ తాతల్లో నిజం కాటికాపరులున్నారండీ! రాజు కాటికాపరి అయితే విషాదం. మనవాడు పుట్టుకతో కాటికాపరి అయితే ఆచారం. తెల్లారితే మళ్లీ పార పట్టుకుని వెళ్లారు, ఎవరూ పద్యం పాడలేదు.

అయితే ఆ సీనులోకి మనవాడొకడు దూరాడు. గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాల్ని నటులు తెచ్చి కాటిసీనులో కలిపేశారు. జాషువా 1895లో వినుకొండలో పుట్టారు, తల్లి మాదిగ. కుర్రతనంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకి పక్కన నిలబడి కథ చెప్పే పని కూడా చేశారు. ఊరూరా అగ్రకులాల పెద్దలు ముందు కుర్చీల్లో కూర్చుని ఆ పద్యాలకి వన్స్‌మోర్ కొట్టారు. రాసినవాడు అదే ఊరికి వస్తే మంచినీళ్లు ఏ గ్లాసులో ఇచ్చేవారు? అయినా చచ్చాక అందరూ ఒకటేనన్న మాటని వాళ్ల రంగం మీదే, వాళ్ల రాజు నోటితోనే అనిపించాడు. గ్రీకు కవులు బానిస ముసుగు పెట్టుకుని మాట్లాడితే, జాషువా రాజు వేషంలోంచి మాట్లాడాడు.

చివరిగా పని సంగతి. గ్రీకు నాటకంలో చావు చాలావరకు రంగం మీద చూపించరు. లోపల జరుగుతుంది. కబురు తెచ్చేవాడు వచ్చి ఎవరు ఎలా పోయారో పూసగుచ్చినట్టు చెప్తాడు. మన ఊళ్లలో చావు కబురు మోసింది ఎవరు? ఆసామి ఇంట్లో ముసలాయన పోతే రాత్రికి రాత్రి పది ఊళ్లు తిరిగి బంధువులకి చెప్పింది మన వెట్టివాడు. గుమ్మం అవతలే నిలబడి, చెప్పాల్సిన పద్ధతిలో చెప్పాలి. ఎన్ని మైళ్లు నడిచాడు, ఏమిచ్చారు, ఏ మాటలతో మొదలుపెట్టాడు, చెప్పినందుకు తిట్లు తిన్నాడా – ఇవన్నీ తెలిసినవాళ్లు ఒక్కొక్క పేటలో ఒకరో ఇద్దరో మిగిలి ఉంటారు. ఏథెన్సు కబురు మోసినవాళ్ల పేర్లు దొరకవు. వీళ్లవి దొరుకుతాయి.

ఒక్కో పేట నుంచి ఇద్దరు కార్యకర్తలు ముందుకు రావాలి, అందులో ఒకరు ఆడవాళ్లయి ఉండాలి. ముసలమ్మలు శోకాలు మగాళ్ల ముందు చెప్పరు. నోటు పుస్తకం తీసుకెళ్లండి, ఫోన్లో గొంతు రికార్డు చెయ్యండి. పెద్దవాళ్లని అడిగేటప్పుడు ముందు ఇది ఎందుకో చెప్పండి. చెప్పనంటే బలవంతం వద్దు, ఇంకో రోజు వెళ్లండి. పేరు రాయొద్దంటే రాయొద్దు.

వచ్చే తరగతిలో ఈడిపస్ నాటకంలో కాపరిని తెచ్చి నిలబెట్టిన ఘట్టం ఒక్కటే చదివి ఆడతాం. రాజు వేషానికి నలుగురు చెయ్యెత్తారు. కాపరి వేషానికి ఇంకా మనిషి కావాలి. వయసు మళ్లినవాళ్లయితే మంచిది.

జై భీమ్.